బిగుసుకుపోయిన అమ్మమ్మ కుట్టు మిషన్: బాగు చేయాలా, టేబుల్ చేయాలా?

కొత్తచేయి · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మమ్మ వాడిన తొక్కుడు కుట్టు మిషన్ ఈమధ్యే నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఒక మూల దుమ్ము కొట్టుకుని పడి ఉంది. చేతి చక్రం బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టి తిప్పినా వెంట్రుకవాసి కూడా జరగలేదు. కింద పోత ఇనుప స్టాండు మాత్రం, అక్కడక్కడా తుప్పు తప్ప, దిట్టంగా ఉంది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. పైన మిషన్ పాత ఇనుముకి ఇచ్చేసి, స్టాండు మీద చెక్క పలక వేయించి టేబుల్ చేసుకోమంటున్నారు. నేనూ దాదాపు సరే అన్నాను. కానీ నిన్న రాత్రి సొరుగు తీస్తే ఒక బాబిన్ కనిపించింది. దాని మీద నీలం దారం సగం మిగిలి ఉంది. అమ్మమ్మ ఆఖరిసారి కుట్టింది ఆ దారంతోనే అయి ఉండాలి. అప్పటినుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి నాకేమీ తెలియదు. ఇలా పూర్తిగా బిగుసుకుపోయిన మిషన్ మళ్ళీ తిరుగుతుందా? లేక నేను ఉత్తినే ఆశపడుతున్నానా? పెద్దవాళ్ళు కాస్త చెప్పండి.

పాతకీలు · సోమవారం రాత్రి 10:15

కొత్తచేయి గారూ, పాత ఇనుముకి మాత్రం ఇవ్వకండి. ఒక్క వారం ఆగండి. నా చేతి మీదుగా ఇరవై దాకా మిషన్లు వెళ్ళాయి. "బిగుసుకుపోయింది, ఇక ఇంతే" అని వచ్చినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ తిరిగాయి. ఆ ఒక్కటీ వరద నీళ్ళలో మునిగింది.

లోపల ఏం జరిగిందో ముందు తెలుసుకోండి, భయం సగం పోతుంది. కుట్టు మిషన్‌లో ఇరుసుకీ అది కూర్చునే గూటికీ మధ్య సందు కాగితం మందం కన్నా తక్కువ. ఆ సందులో నూనె ఉన్నంతకాలం ఇనుము ఇనుముని తాకదు. ఏళ్ళ తరబడి మిషన్ ఆడకపోతే ఆ నూనే ఎండి తేనెరంగు జిగురవుతుంది, తర్వాత వార్నిష్‌లా గట్టిపడుతుంది. అప్పుడు చక్రం వెల్డింగ్ చేసినట్టే ఉంటుంది. నిజానికి ఏదీ అరగలేదు, ఏదీ విరగలేదు. జిగురు పట్టుకుంది, అంతే.

రెండో అనుమానం దారం. బాబిన్ కూర్చునే చోట పాత దారం ముక్క ఒకటి లోపలికి పోయి చుట్టుకుంటే చాలు, మొత్తం మిషన్ ఆగిపోతుంది. చేతి చక్రం వెనక ఇరుసు మీద కూడా దారం చుట్టుకుపోతుంది. అక్కడ ఎవరూ చూడరు.

కాబట్టి ముందు బెల్టు తీసేయండి. బెల్టు ఉంటే స్టాండు బిగుసుకుందో, మిషన్ బిగుసుకుందో తెలియదు. సూది తీసేయండి. కింద జరుపుడు పలక తెరిచి బాబిన్, దాని కేసు బయటికి తీసి టార్చి వేసి చూడండి. తర్వాత మిషన్ ఒంటి మీద చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, అవి నూనె వేయడానికే పెట్టారు. ఒక్కొక్కదానిలో రెండు మూడు చుక్కలు కిరసనాయిలు వేయండి. మిషన్‌ని వెనక్కి వాల్చితే అడుగున కూడా ఇనుము ఇనుముతో రాసుకునే చోట్లు చాలా కనిపిస్తాయి, అక్కడా వేయండి. ఒక రాత్రి వదిలేయండి. పొద్దున మళ్ళీ వేయండి.

తిప్పేటప్పుడు బలం చూపించకండి. ముందుకు ఒక పిసరు, వెనక్కి ఒక పిసరు, ఊయల ఊపినట్టు ఊపండి. రెంచి, సుత్తి దగ్గరికి రానివ్వకండి. చేతి చక్రం పోత ఇనుము, దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. కిరసనాయిలు వేశాక హెయిర్ డ్రయ్యర్ లాంటి వేడి వస్తువేదీ వాడకండి, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వేడి ఇవ్వాలనుకుంటే కిరసనాయిలు వేయకముందే ఇవ్వాలి.

ఇంకొక్క మాట. విప్పే ప్రతి స్క్రూకీ ముందు ఒక ఫొటో తీయండి. అట్టముక్క మీద మిషన్ బొమ్మ గీసుకుని, ఏ చోటి స్క్రూ ఆ చోట గుచ్చేయండి.

సూదీదారం · సోమవారం రాత్రి 10:52

పాతకీలు గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలు, తీగలు ఉన్న మిషనేనా మీది? అయితే శుభ్రం చేయడానికి స్పిరిట్ గానీ, శానిటైజర్ గానీ, ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవం గానీ తాకించకండి. ఆ పాత మిషన్లలో చాలావాటికి బొమ్మల మీద పైపూతగా లక్క వేసేవారు. ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది.

నేను మొదటి మిషన్‌ని ఇలాగే పాడు చేశాను. మురికి వదలడం లేదని దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కసారి రుద్దాను. దూది గోధుమరంగుకి తిరిగింది, మురికే అనుకుని సంతోషపడ్డాను. రెండోసారి రుద్దితే దూది మీద బంగారు రేణువులు మెరిశాయి. అప్పటికి ఒక రెమ్మ మొత్తం పోయింది. ఇప్పటికీ ఆ మిషన్ దగ్గర కూర్చుంటే నా చూపు అక్కడికే పోతుంది.

కుట్టు మిషన్ నూనెనే దూదికి అద్ది, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ తుడవండి. ఒక గంట పని నాలుగు సాయంత్రాలు పడుతుంది. పట్టనివ్వండి.

చెక్కపని · మంగళవారం ఉదయం 7:05

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ నొచ్చుకోకండి. కుట్టు మిషన్ స్టాండులతో నేను టేబుళ్ళు చేస్తాను. ప్రతి పాత వస్తువూ మళ్ళీ తన పాత పనే చేయాలని పట్టుబడితే చాలావరకు తుక్కులోకే పోతాయి. కుట్టడం రానివాళ్ళ ఇంట్లో బాగు చేసిన మిషన్ ఏం చేస్తుంది? మళ్ళీ మూలన పడుతుంది, మళ్ళీ నూనె ఎండుతుంది. అదే టేబుల్ అయితే రోజూ చేయి పడుతుంది. కొత్తచేయి గారూ, మీకు కుట్టడం వచ్చా? వస్తేనే బాగు చేయండి.

మీటల చప్పుడు · మంగళవారం ఉదయం 8:30

చెక్కపని గారూ, ఈ వాదన నేను టైప్‌రైటర్ల విషయంలో పదేళ్ళుగా వింటున్నాను, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను. టైప్‌రైటర్ మీటల మీది గుండ్రటి అక్షరాలు కోసి లాకెట్లు, ఉంగరాలు చేసేవాళ్ళు ఉన్నారు. ఒక మిషన్‌లో నలభైకి పైగా మీటలు. అవి కోసేశాక మిగిలిన ఒంటిని ఎవరూ బాగు చేయలేరు. నా దగ్గరికి అలా కోసేసిన మిషన్ ఒకటి వచ్చింది. కాగితాన్ని పక్కకి జరిపే క్యారేజీ జారుతోంది, గంట మోగుతోంది, లోపల ఒక్క లోపం లేదు. మీటలు ఉండాల్సిన చోట వరసగా తెగిన కడ్డీలు. దాన్ని చూసి ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు.

"పనికిరాదు" అని తెచ్చే టైప్‌రైటర్లలో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. క్యారేజీ తాళం మీట వేసి ఉంటుంది, అది తెలియక బలంగా తోస్తారు. లేదా క్యారేజీని లాగే సన్నటి పట్టీ తెగి ఉంటుంది. మీట కొడితే అక్షరం పడుతుంది కానీ క్యారేజీ జరగదు, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. చేపలు పట్టే గట్టి నైలాన్ తాడు ముక్క కడితే మళ్ళీ పరుగెడుతుంది. ఇంత చిన్నదానికి ఒక యంత్రాన్ని కోసేస్తారా?

చెక్కపని · మంగళవారం ఉదయం 8:55

నేను పనిచేసే మిషన్‌ని ఎప్పుడూ కోయలేదండి. నా దగ్గరికి వచ్చేవి తలలేని స్టాండులు, లేదా పోత ఇనుప చేయి పగిలిన మిషన్లు. పోత ఇనుము అతకాలంటే మొత్తం వేడెక్కించి, మెల్లగా చల్లార్చాలి. అంత చేశాక కూడా ఇరుసు గూళ్ళు ఒక వరసలో నిలబడతాయన్న నమ్మకం లేదు. అలాంటి మిషన్‌ని ఏం చేయమంటారు?

ఒకదాన్ని ఏం చేశానో చెప్తాను. తల పగిలింది, స్టాండు మాత్రం సున్నితంగా తిరుగుతోంది. దాని మీద సానరాయి ఎక్కించాను. కింద పెద్ద చక్రం 32 సెంటీమీటర్లు, రాయి ఇరుసుకి పెట్టిన కప్పీ 8 సెంటీమీటర్లు. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే రాయి 4 చుట్లు తిరుగుతుంది. కరెంటు సానరాయి మీద ఉలి పెడితే అంచు క్షణాల్లో వేడెక్కి నీలం రంగుకి తిరుగుతుంది. నీలం రంగు వచ్చిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా పోయినట్టు, అక్కడ గట్టిదనం పోతుంది. కాలితో తొక్కే రాయి దగ్గర ఆ బెంగ లేదు. రెండు చేతులూ ఉలి మీదే ఉంటాయి, వేగం నా కాలి చెప్పుచేతల్లో ఉంటుంది. ఇప్పుడు నా ఉలులన్నీ దాని మీదే పదును పెడుతున్నాను.

పైగా స్టాండుకి ఒక్క కొత్త రంధ్రం కూడా చేయలేదు. మిషన్ పలకని పట్టుకునే పాత బోల్టు రంధ్రాలకే బిగించాను. రేపు ఎవరికైనా ఆ స్టాండుకి సరిపడే మిషన్ దొరికితే నాలుగు బోల్టులు విప్పి ఇచ్చేస్తాను.

మీటల చప్పుడు · మంగళవారం ఉదయం 9:20

ఇలా చేస్తే నాకు అభ్యంతరం లేదు, చెక్కపని గారూ. తొక్కుడు సానరాయి ఫొటోలు పెట్టండి, చూడాలనుంది. ఉదయం నా మాట కాస్త కటువుగా పడింది, మన్నించండి.

లోలకం · మంగళవారం మధ్యాహ్నం 1:10

మీరిద్దరూ ఒకే మాట రెండు వైపుల నుంచి చెప్తున్నారు. మ్యూజియంలలో పాత వస్తువులని కాపాడేవాళ్ళు పాటించే సూత్రం ఒకటుంది: మళ్ళీ వెనక్కి తీసుకోలేని పని వీలైనంత వరకు చేయొద్దు. రంధ్రం చేస్తే వెనక్కి తీసుకోలేం. కోస్తే తీసుకోలేం. పాత రంగు గీకేస్తే తీసుకోలేం. బోల్టు బిగిస్తే మాత్రం రేపు విప్పొచ్చు. నేను గడియారాలు చూస్తాను, నా బల్ల దగ్గర కూడా ఇదే లెక్క.

కొత్తచేయి గారూ, మీరు అడగకపోయినా గడియారం సంగతి ఒకటి చెప్తాను, పాత యంత్రం ఎలా ముసలిదవుతుందో దాంట్లో బాగా తెలుస్తుంది. గోడ గడియారంలో పలకలు ఇత్తడి, చక్రాల ఇరుసు కొనలు ఉక్కు. రెంటిలో ఏది అరుగుతుందంటే అందరూ ఇత్తడే అంటారు, మెత్తనిది కాబట్టి. ఇత్తడి రంధ్రం అరిగి కోలగా అయ్యే మాట నిజమే. కానీ గాలిలోని దుమ్ము, ఎండిన నూనెలోని గరుకు రేణువులు మెత్తటి ఇత్తడిలోనే గుచ్చుకుని నిలబడతాయి. దాంతో ఆ ఇత్తడి రంధ్రం ఉప్పు కాగితంలా తయారై, గట్టి ఉక్కు కొనని కోస్తూ పోతుంది. భూతద్దం కింద పెట్టి చూస్తే ఉక్కు కొన మీద చుట్టూ గాళ్ళు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

అందుకే మురికి తీయకుండా పైన కొత్త నూనె పోయడం కన్నా, అసలు పోయకపోవడమే మేలు. కొత్త నూనె పాత రేణువులని మెత్తగా కలిపి రుబ్బుడు ముద్ద చేస్తుంది. మీ మిషన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. కిరసనాయిలు వేసి తిప్పాక నల్లటి మురికి బయటికి కారుతుంది. గుడ్డతో తుడవండి, మళ్ళీ వేయండి, మళ్ళీ తుడవండి. బయటికి వచ్చేది తేటగా కనిపించాకే కుట్టు మిషన్ నూనె. కిరసనాయిలు మురికిని కరిగిస్తుందే కానీ కందెనగా పనికిరాదు. దాంతోనే వదిలేస్తే ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది.

రాత్రిషిఫ్టు · మంగళవారం రాత్రి 11:35

లోలకం గారూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా దగ్గర పాత అలారం గడియారం ఒకటి ఉంది. ముళ్ళ మీద, అంకెల మీద పసుపుపచ్చ పూత, చీకట్లో మెరిసే రకం. ఇప్పుడు మెరవడం లేదు. ఆ పూత గీకేసి కొత్తది వేయాలని బ్లేడు కూడా తెచ్చుకున్నాను. ఇంకో సంగతి, లోపల స్ప్రింగు నిండా కీ ఇచ్చి ఉంది కానీ గడియారం ఆడటం లేదు.

లోలకం · మంగళవారం రాత్రి 11:50

బ్లేడు పక్కన పెట్టండి. నిజంగా చెప్తున్నాను, ఈ రాత్రికి దాని అద్దం కూడా తీయకండి.

1960ల దాకా చాలా గడియారాలకి ఆ మెరుపు పూతలో రేడియం కలిపేవారు. మెరుపు పోయింది కదా, రేడియం కూడా అయిపోయిందనుకుంటాం. అయిపోలేదు. రేడియం సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. చచ్చిపోయింది దాని పక్కన కలిపిన జింక్ సల్ఫైడు, వెలుగునిచ్చేది అదే. రేడియం కిరణాల దెబ్బకే అది పాడైంది. రేడియం దాదాపు అంతా అక్కడే ఉంది. గీకితే పొడి లేస్తుంది, పొడి ఊపిరితో లోపలికి పోతే ఒంట్లోనే ఉండిపోతుంది. అద్దం బిగించి ఉంచి, దూరంగా ఒక అరలో పెట్టి చూసుకోండి. తెరవాల్సి వస్తే రేడియేషన్ కొలిచే పరికరం, ఆ పని అనుభవం ఉన్నవాళ్ళే తెరవాలి.

స్ప్రింగు గురించి కూడా చెప్తాను, ఇది ఏ గడియారానికైనా పనికొస్తుంది. నిండా కీ ఉన్న గడియారం పలకల స్క్రూలు ఎప్పుడూ విప్పకూడదు. ముందు స్ప్రింగు బలం మెల్లగా దించాలి. కీని గట్టిగా పట్టుకుని, వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం పైకెత్తి, పిడికిట్లో కొంచెం కొంచెం జారనివ్వాలి. కీ రెక్క వేళ్ళని కొట్టకుండా గుండ్రటి పిడి ఉన్న కీ వాడాలి. నేను మొదటి ఏడాది ఇది తెలియక రెండు స్క్రూలు విప్పాను. ఒక్క చప్పుడు. చూసేసరికి రెండో చక్రానికి ఆరు పళ్ళు లేవు, నా బొటనవేలు గోరు నిలువునా చీలింది. గోరు రెండు నెలల్లో వచ్చేసింది. ఆ చక్రానికి పళ్ళు ఒక్కొక్కటీ ఇత్తడి ముక్కతో అతికి, ఆకురాయితో రుద్ది మళ్ళీ నిలబెట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది.

రాత్రిషిఫ్టు · బుధవారం ఉదయం 6:10

గుండె ఝల్లుమంది. బ్లేడు తీసేశాను, గడియారం అరలో పెట్టాను. చాలా థాంక్స్ లోలకం గారూ.

సౌండ్‌బాక్స్ · బుధవారం ఉదయం 10:45

వాడుక మార్చడం గురించి మాట వచ్చింది కాబట్టి నా గ్రామఫోన్ సంగతి. స్ప్రింగు మోటారు బాగుంది, వేగాన్ని అదుపులో పెట్టే మూడు గుండ్ల గవర్నరూ బాగుంది, పళ్ళెం నిమిషానికి 78 చుట్లు సరిగ్గా తిరుగుతోంది. కానీ సూది కదలికని శబ్దంగా మార్చే సౌండ్ బాక్స్ ఒంటి మీద సన్నటి పగుళ్ళు, ముట్టుకుంటే పెచ్చులు రాలుతున్నాయి. అది ఎవరో పడేయడం వల్ల వచ్చింది కాదు. ఆ రోజుల్లో జింకు మిశ్రమంతో పోత పోసేవారు. అందులో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్ళు గడిచేకొద్దీ లోహం తనంతట తానే ఉబ్బి పగులుతుంది. దానికి మందు లేదు, జిగురు నిలవదు.

వేరే సౌండ్ బాక్స్ దొరికేదాకా ఊరుకోలేక, సౌండ్ బాక్స్ బిగించే గొట్టం మూతికి సరిగ్గా సరిపడే చెక్క మూత ఒకటి చెక్కి, దాంట్లో ఫోను స్పీకరు కూర్చునేలా గాడి పెట్టాను. ఫోనులోంచి వచ్చే సన్నటి పాట ఆ పెద్ద కొమ్ములోంచి గది నిండా వినిపిస్తోంది. కరెంటు లేదు, తీగ లేదు. కొమ్ము చేసే పని ఒకటే, చిన్న మూతి దగ్గరి ఒత్తిడిని మెల్లమెల్లగా పెద్ద నోటి దాకా తీసుకెళ్ళి గాలికి అందించడం. చెక్క మూత లాగేస్తే గ్రామఫోన్ ఎలా ఉండేదో అలాగే ఉంటుంది.

ఇలాంటిది ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒక మనవి. కీ గ్రామఫోన్ మీద ఇప్పటి వినైల్ రికార్డులు పెట్టకండి. ఆ బరువుకి, ఉక్కు సూదికి ఒక్కసారికే గాళ్ళు తుడిచిపెట్టుకుపోతాయి. పాత 78 రికార్డులకి కూడా ఒక్కో వైపుకి ఒక కొత్త ఉక్కు సూది వాడాలి.

కొత్తచేయి · శుక్రవారం రాత్రి 8:20

తిరిగింది!!

మొదటి నుంచీ చెప్తాను. బుధవారం బాబిన్ కేసు తీసి చూశాను, అక్కడ దారం లేదు. రంధ్రాలు వెతికి కిరసనాయిలు వేశాను, మొత్తం 23 చోట్లు. గురువారం పొద్దున చక్రం కదల్లేదు. మళ్ళీ వేశాను. సాయంత్రం పట్టుకుని ఊపుతుంటే చేతికి ఏదో తేడా తెలిసింది. కదలిక అని కూడా అనలేను, గట్టిదనం కొంచెం మెత్తబడినట్టు. మా అమ్మాయి పక్కనే నిలబడి సూది కడ్డీనే చూస్తోంది. "అమ్మా, కదిలింది" అంది. నాకు కనపడలేదు, తనకి కనపడింది.

ఈరోజు మధ్యాహ్నం చేతి చక్రం మధ్యలో ఉన్న బొడిపె విప్పి, చక్రం మెల్లగా బయటికి లాగాను. పాతకీలు గారూ, మీరు చెప్పిన చోటే. ఇరుసు మీద దారం చుట్టుకుపోయి నల్లగా, గట్టిగా, రబ్బరు రింగులా అయిపోయింది. సూది మొనతో ఒక్కొక్క పోగూ లాగాను. పై పొరలన్నీ నల్లగా ఉన్నాయి. ఆఖరి పొర నీలం.

చక్రం పెట్టేసి తిప్పితే సూది దిగింది, లేచింది. మొదట గరగర అని, నూనె వేశాక చప్పుడే లేకుండా. నేనూ మా అమ్మాయీ పదినిమిషాలు ఊరికే తిప్పుతూ కూర్చున్నాం.

చెక్కపని గారూ, నాకు కుట్టడం రాదు. నేర్చుకుంటాను.

పాతకీలు · శుక్రవారం రాత్రి 8:41

అమ్మా, ఇది చదివి కళ్ళు చెమర్చాయి. ఆ నీలం పోగు పారేయకండి, సొరుగులోనే ఒక కాగితంలో మడిచి పెట్టండి.

ఒకటి చూసుకోండి. చక్రం మధ్య బొడిపె కింద ఒక వాషరు ఉంటుంది, లోపలికి రెండు, బయటికి మూడు చెవులు. దాన్ని తిరగేసి పెడితే బొడిపె ఎంత బిగించినా సూది కదలదు, లేదా వదులు చేసినా చక్రం విడిపోదు. అలా అయితే కంగారుపడకండి, వాషరుని అర చుట్టు తిప్పి పెట్టి చూడండి.

చెక్కపని · శుక్రవారం రాత్రి 9:02

కొత్తచేయి గారూ, చాలా సంతోషం. ఆ మిషన్‌ని ఇక టేబుల్ చేయమని ఎవరన్నా అంటే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను. స్టాండు తుప్పు సంగతి ఏం చేశారు?

కొత్తచేయి · శుక్రవారం రాత్రి 9:15

ఇంకా ముట్టుకోలేదండి. స్టాండు బోల్టులు, కింద ఇనుప కడ్డీ బాగా తుప్పు పట్టాయి. ఉప్పు కాగితంతో రుద్దేయనా?

చెక్కపని · శుక్రవారం రాత్రి 9:50

స్టాండు ఒంటిని రుద్దకండి, దాని పాత నల్ల రంగు పోతుంది. వైరు బ్రష్‌తో వదులు తుప్పు మాత్రం దులిపి, నూనె గుడ్డతో తుడిస్తే చాలు. విడిగా వచ్చే బోల్టులకి, కడ్డీకి కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, 4 లీటర్లకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు మైనస్ తీగ మీ తుప్పు వస్తువుకి, ప్లస్ తీగ ఒక పనికిరాని ఇనుప ముక్కకి. రెండూ నీళ్ళలో ఒకదాన్నొకటి తాకకూడదు. కాసేపటికి బుడగలు వస్తాయి, ఎర్ర తుప్పు నల్లగా మారి బ్రష్‌తో రాలిపోతుంది. ఇనుము ఒక్క పిసరు కూడా తగ్గదు. ఈ పద్ధతి నాకు ఇష్టమయ్యింది అందుకే.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో కలుస్తుంది. స్ప్రింగులు, అల్యూమినియం, ఇత్తడి ఆ బకెట్‌లో వేయకండి. స్ప్రింగులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసుబారి విరుగుతుంది. రంగు వేసిన వస్తువు వేస్తే రంగు కూడా ఊడుతుంది. తీసిన వెంటనే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయండి. గంట ఆలస్యమైతే కొత్త తుప్పు పట్టేస్తుంది.

కొత్తచేయి · ఆదివారం సాయంత్రం 5:30

బెల్టు కొత్తది వేశాను. పాత గుడ్డ ముక్క మీద కుట్టి చూశాను. పైన కుట్టు అందంగా ఉంది. కింద మాత్రం దారం ఉచ్చులు ఉచ్చులుగా పడి గూడు కట్టింది. బాబిన్ బిగువు మార్చి చూశాను, ఏమీ తేడా రాలేదు. ఇంకోటి, తొక్కడం మొదలుపెట్టినప్పుడల్లా చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతోంది. టెన్షన్‌గా ఉంది, ఏదైనా విరగ్గొట్టానా?

సూదీదారం · ఆదివారం సాయంత్రం 5:48

ఏదీ విరగలేదు. కింద గూడు కడితే చాలామంది బాబిన్‌ని అనుమానిస్తారు, కానీ తప్పు దాదాపు ఎప్పుడూ పై దారానిదే. ఈ కుట్టులో పై దారం, కింది దారం గుడ్డ మందం మధ్యలో ముడిపడాలి. 1846లో ఎలియాస్ హోవ్ అమెరికాలో పేటెంటు తీసుకున్నది ఈ రకం కుట్టుకే, మొన దగ్గరే కన్ను ఉన్న సూదితో. పై దారానికి బిగువు లేకపోతే కింది దారం దాన్ని అడుగుకి లాగేస్తుంది, ఆ ముడులే మీకు గూడులా కనిపిస్తున్నాయి.

బిగువు ఇచ్చేవి రెండు గుండ్రటి పళ్ళేలు, ముందువైపు స్ప్రింగుతో ఉంటాయి. గుడ్డని నొక్కే పాదం పైకెత్తితే చాలా మిషన్లలో ఆ పళ్ళేలు విడిపోతాయి. పాదం ఎత్తి ఉంచే దారం ఎక్కించాలి, లేకపోతే దారం పళ్ళేల మధ్యకి పోదు, పైపైనే ఉండిపోతుంది. ముందు పళ్ళేల మధ్య ఒక గుడ్డ పీలిక పెట్టి అటూ ఇటూ లాగండి. ఇరవై ఏళ్ళ నూగు అక్కడ ఉండే ఉంటుంది. సూది కూడా కొత్తది వేయండి, దాని చదును వైపు ఎటు ఉండాలో పాత సూది తీసేముందు ఫొటోలో చూసుకోండి.

చక్రం వెనక్కి తిరగడం మొదట్లో అందరికీ జరుగుతుంది. కాలితో మొదలుపెట్టకండి. చేత్తో చక్రం పైభాగాన్ని మీ వైపుకి ఒక్క ఊపు ఊపండి, ఆ ఊపుని కాలు అందుకోవాలి. దారం లేకుండా, పాదం ఎత్తి, రోజూ కాసేపు అదే సాధన చేయండి.

కొత్తచేయి · ఆదివారం రాత్రి 9:10

పీలిక లాగితే బూడిదరంగు నూగు ముద్ద ఒకటి బయటపడింది, వేలి గోరంత. పాదం ఎత్తి దారం ఎక్కించాను. ఇప్పుడు పైనా కిందా ఒకేలా ఉంది. జేబు రుమాలు అంచు ఒకటి కుట్టాను, వంకరగా వచ్చింది కానీ ముడి ఎక్కడా లేదు. కింది దారానికి అమ్మమ్మ బాబిన్‌లోని నీలం దారమే కొంచెం వాడాను. దారం పాతది కదా, రెండు చోట్ల తెగింది, అయినా పట్టుకుంది.

తొక్కడం ఇంకా పూర్తిగా రాలేదు. మా అమ్మాయికి మాత్రం అప్పుడే వచ్చేసింది.

పాతకీలు · ఆదివారం రాత్రి 9:25

పాత దారం ఇక వాడకండమ్మా, పోగులు రాలి పళ్ళేల మధ్య చేరతాయి. ఆ బాబిన్‌ని అలాగే దాచండి. పాపకి చెప్పండి, తొక్కేటప్పుడు జుట్టు ముడి వేసుకోమని, చున్నీ పెద్ద చక్రం వైపు వేలాడనివ్వొద్దని. వారం రోజులు ఆడించాక నూనె మళ్ళీ ఒక్కో చుక్క వేయండి, 23 చోట్లా.

కొత్తచేయి · ఆదివారం రాత్రి 9:31

అలాగేనండి. ఆ చోట్లన్నీ గుర్తుండేలా మా అమ్మాయి మిషన్ బొమ్మ గీసి చుక్కలు పెట్టింది. రేపు ఫొటో తీసి పెడతాను, ఒక చోటు ఏమన్నా వదిలేశామేమో చూసి చెప్పండి.